ఎర్రకొండ దిగుతూ

"వెళ్ళు, వద్దనను," అంది నెట్టా. కూతురు గుడారం మూట కట్టుకుంటుంటే ఆవిడ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "కానీ ఈసారి ఊరికే పోయి రాకు. దాన్నడుగు."

"ఏమనడగాలమ్మా?"

"ఏమనడగాలో నేను చెప్పాలా? వారం రోజులు దాని పక్కనే పడుకుంటావు గదా. ఏదో ఒక పూట, మంచి మాటగా, తిరిగి రమ్మను. వాడు ఎండిపోతున్నాడే. మొన్న చూశాను, చొక్కా వాడి మీద దండెం మీద వేసినట్టుంది."

రోనా తాడు ముడి బిగించింది. 'వాడు' అంటే ఆమె అన్న గ్రెగర్. 'అది' అంటే గ్రెగర్ భార్య మోర్వెన్. కిందటి నవంబరులో మోర్వెన్ రెండు సంచులు సర్దుకుని, తాముండే క్రీఫ్ ఊళ్ళోనే ఆ కొసన ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్ళిపోయింది. కేకలు లేవు, వీధిలో పడింది లేదు, మధ్యలో ఇంకొకరెవరూ లేరు. ఆగస్టులో విడాకుల కాగితాల మీద సంతకాలయిపోతే ముప్పై ఏళ్ళ కాపురం కొట్టివేసినట్టే. నెట్టాకు మింగుడుపడనిది అదే. "కొట్టాడా? తాగాడా? తిరిగాడా?" అని కనపడ్డవాళ్ళనల్లా అడిగేది. ఈ మూడింటిలో ఏదీ కాదని అందరికీ తెలుసు. గ్రెగర్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. చుట్టుపక్కల రైతుల్లో అతని గురించి చెడ్డమాట అన్నవాడు లేడు.

ఏటా జూన్ మొదట్లో ఆడపడుచూ వదినా కొండలకు పోవడం పాత అలవాటు. మోర్వెన్‌కు రెండో బిడ్డ పుట్టిన ఏడు, ఆమె ముఖం చూసి రోనాకు భయమేసింది. పిల్లల్ని తండ్రికీ నానమ్మకూ అప్పగించి, అరువు తెచ్చిన గుడారంతో ఆమెను కొండల్లోకి లాక్కుపోయింది. ఆ వారమంతా వర్షమే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మోర్వెన్ కారులో పాటలు పాడింది. అప్పట్నుంచి ఆ వారం వాళ్ళిద్దరిది. పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి దారిన వాళ్ళు పోయినా అది ఆగలేదు. మనవైపు లాగా వదినా, మరదలా అని పిలుచుకునే ఆచారం వాళ్ళకు లేదు, పేరు పెట్టే పిలుచుకుంటారు. అందుకని మోర్వెన్ ఇల్లు విడిచాక పిలుపు మార్చుకోవాల్సిన ఇబ్బంది రాలేదు. తక్కినదంతా ఇబ్బందిగానే ఉంది. రోనా పెళ్ళి చేసుకోలేదు, తల్లితోనే ఉంటోంది, ఊళ్ళో రొట్టెల దుకాణంలో పనిచేస్తోంది. నవంబరు తర్వాత మోర్వెన్ రొట్టె కొనడానికి వస్తే ఇద్దరూ చలి గురించి మాట్లాడుకునేవారు.

అయినా మే నెలాఖరున మోర్వెన్ దుకాణానికి వచ్చి, రొట్టె సంచీలో వేసుకుంటూ, "టోరిడన్ వెళ్దామా?" అంది. రోనా "సరే" అంది. అంత తేలిగ్గా ఎలా అన్నానా అని తర్వాత తనే ఆశ్చర్యపోయింది.

*

టోరిడన్‌లో కొండలు నీళ్ళలోనుంచి నేరుగా లేచినట్టుంటాయి. సముద్రం లోపలికి చొచ్చుకువచ్చి అక్కడ సరస్సయింది. దాని తలాపున నాలుగిళ్ళు, ఒక కొట్టు, గుడారాలు వేసుకునే పచ్చిక. వాళ్ళు దిగేసరికి గాలి లేదు. గాలి లేకపోతే మిడ్జీలు. కంటికి ఆనని ఆ పురుగులు జుట్టులోకీ చెవుల్లోకీ దూరి కుడుతుంటే ఇద్దరూ తలలకు వలలు తగిలించుకుని, తేనె తీసేవాళ్ళలా తయారై గుడారం వేశారు.

"ఆ మేకు అక్కడ కాదే, కింద రాయుంది."

"నాకు తెలుసు," అంది రోనా.

"తెలిస్తే ఎందుకు కొడుతున్నావ్?"

"రాయికి బుద్ధి చెబుదామని."

మోర్వెన్ నవ్వింది. నవ్వుతుంటే వలలోంచి రెండు పురుగులు నోట్లోకి పోయాయి, తుపుక్కున ఉమ్మి మళ్ళీ నవ్వింది. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లలా. రోనా కూడా నవ్వబోయింది. అంతలో అన్న చొక్కా గుర్తొచ్చి, ఇంకో మేకు అందుకుంది.

మర్నాడు ఎండ కాసింది. మోర్వెన్ సరస్సులో ఈతకు దిగింది. ఆ నీళ్ళు జూన్‌లో కూడా ఎముకల్ని కొరుకుతాయి. "అమ్మోయ్!" అని ఒక్క కేక పెట్టి, తల ముంచి, ఎక్కడో తేలింది. రోనా రాతి మీద కూర్చుని కాళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టింది. దూరాన ఆ నెరిసిన తల నీళ్ళమీద తిరుగుతుంటే, ఈమె ఎన్నడూ ఇంత తేలిగ్గా లేదు అనిపించింది. అనిపించగానే కోపం వచ్చింది. అక్కడ తన అన్న పొయ్యి దగ్గర నిలబడి డబ్బా సూపు గిన్నెలోంచే తాగుతున్నాడు. ఇక్కడ ఈవిడ చేపపిల్లయిపోయింది. ఆ కోపం కింద మరొకటి ఉంది. అదేమిటో రోనాకు అంతుపట్టలేదు. బూటులో రాయిపలుకులా నడిచినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

మోర్వెన్ ఒడ్డుకొచ్చి, తువాలు చుట్టుకుని, పళ్ళు టకటకలాడిస్తూ పక్కన కూలబడింది.

"మోర్వెన్," అంది రోనా.

"ఊఁ?"

"పాలు అయిపోయాయేమో చూశావా?"

"పొద్దున నువ్వేగా తెచ్చావు."

"అవును గదా," అంది రోనా.

ఆ తర్వాత వర్షం పట్టుకుంది. గుడారంలో పేకాట, ఓట్స్ బిస్కెట్ల మీద చీజు ముక్కలు, టీ, మళ్ళీ పేకాట. మాట గొంతుదాకా వచ్చేది, మోర్వెన్ ముక్క కొట్టి "నీ పనయిపోయిందే!" అనేది, మాట మళ్ళీ లోపలికి జారిపోయేది. ఆ లోయలో కొట్టు ముందు మలుపులో తప్ప ఫోను పలకదు. రోనా రొట్టె కోసం అక్కడికి పోగానే జేబులో మోగింది.

"అడిగావా?" అంది నెట్టా.

"వర్షం అమ్మా."

"వర్షానికీ నోటికీ ఏంటే సంబంధం?"

"తెరిపివ్వనీ, అడుగుతాను."

"తెరిపిస్తే కొండెక్కుతారు, ఎక్కితే ఆయాసం. నాకు తెలీదా? పుట్టినప్పట్నుంచీ ఇంతే నువ్వు. గిన్నె కింద మంట పెట్టమంటే గిన్నె చుట్టూ తిరుగుతావు."

*

నాలుగోరోజు తెరిపిచ్చింది. మోర్వెన్ పటం పరిచి ఒక కొండ మీద వేలు పెట్టింది. బెన్ జెరగ్, అంటే ఎర్రకొండ. చుట్టూ పేరుమోసిన కొండలు. వాటి మధ్య దీన్ని ఎవరూ పట్టించుకోరు. మూడువేల అడుగులు దాటిన కొండలన్నీ ఎక్కేసి జాబితా పూర్తి చేసుకోవాలని తిరిగే జనం దేశమంతా ఉన్నారు. ఇది ఆ గీతకు ఒకటి రెండు అడుగుల కింద ఆగిపోయింది.

"పరీక్షలో ఒక్క మార్కుతో పోయిన పిల్లలాంటిది," అంది మోర్వెన్. "అందుకే నాకిష్టం. పైన మనిద్దరమే ఉంటాం."

అలాగే అయింది. పైన్ చెట్ల మధ్యగా, వాగు పక్కనుంచి పోయి, వంతెన దాటి, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత నిటారు పచ్చిక మీద చేతులు కూడా వాడుకుంటూ ఎక్కారు. దారిలో ఒక ఆడజింక తల ఎత్తి చూసి, వీళ్ళవల్ల ఏమీ కాదని తేల్చుకున్నట్టు మళ్ళీ మేతలో పడింది. పైకి చేరేసరికి మధ్యాహ్నం. పడమట సముద్రం వెండిరేకులా ఉంది, దానిలో దీవులు. రోనా ఆ దృశ్యాన్ని తలుచుకునే ఏడాదంతా పిండి పిసుకుతుంది. ఇద్దరూ శిఖరం మీద పేర్చిన రాళ్ళగుట్టకు వీపులానించి, గుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నారు. ఇదే సమయం అనుకుంది రోనా. నోరు తెరిచింది. అప్పుడే మబ్బు వచ్చింది.

ఆ కొండల్లో మబ్బు మీదినుంచి రాదు, కిందినుంచి పాకుతుంది. చూస్తుండగానే సముద్రం పోయింది, దీవులు పోయాయి, చివరికి పది గజాల రాయి మిగిలింది.

"లే, పోదాం," అంది మోర్వెన్. "ఈ కొండగట్టు వెంబడి అవతలికి దిగితే ఒక గంటలో కింద ఉంటాం. వచ్చిన దారిన మాత్రం వద్దు, ఆ గడ్డి తడిస్తే సబ్బే."

గట్టు సన్నబడుతూ పోయి ఒకచోట తెగింది. ఇంటి చూరంత ఎత్తు రాతిమెట్టు. ముఖం రాతివైపు పెట్టి, చేతులతో పట్టుకుని, కాలు కింద కాలు వెతుక్కుంటూ దిగాలి. ఇలాంటివి వాళ్ళు ఎన్నో దిగారు. మోర్వెన్ ముందు దిగి కింద నిలబడింది. రోనా సగం దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత ఎడమకాలికి ఏమీ దొరకలేదు. తడుముతోంది, గాలి తగులుతోంది. కిందికి చూసింది. మోర్వెన్ టోపీ, దాని అవతల తెల్లటి శూన్యం. చెంప తడిరాతికి ఆనించి కళ్ళు మూసుకుంది.

"రోనా, ఎడమకాలు దించు."

"కింద ఏమీ లేదు."

"ఉంది. చిన్న అంచుంది, నీ బూటుకు జానెడు కింద. నాకు కనపడుతోంది."

"నావల్ల కాదు."

"అవుతుంది. నీ మడమ పట్టుకుంటున్నా, చూడు. ఇదిగో నా చెయ్యి. దించు."

రోనా దించలేదు. భయం ఆమెను రాతికి మేకులేసి కొట్టేసింది. ఆ భయంలో, ఇన్నాళ్ళూ బూటులో గుచ్చుకుంటున్నది ఏమిటో హఠాత్తుగా తెలిసింది. తల్లి పంపిన మాట కాదు. వేరే.

"నాకెందుకు చెప్పలేదే?" అంది, రాతిలోకి.

"ఏంటి?"

"వెళ్ళిపోతున్నానని! నవంబర్లో! మా అమ్మ చెబితే తెలిసింది నాకు. మా అమ్మ చెబితే! దుకాణంలో, జనం ముందర!"

కింద మోర్వెన్ తల పైకెత్తింది.

"రోనా, ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే. కిందికి దిగాక అడగలేను. నా సంగతి నాకు తెలుసు."

"సరే, చెబుతా. ముందు కాలు దించు."

"ముందు చెప్పు."

"నీకేమన్నా పిచ్చా? నీ బూటు నా నెత్తిమీదుంది! దించవే!"

రోనాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కాలు దించింది. అంచు ఆనింది. మోర్వెన్ ఆ కాలిని రెండు చేతులతో రాతికి అదిమిపట్టి, "ఇప్పుడు కుడి చెయ్యి... ఇప్పుడు కుడికాలు... ఆ బొడిపె పట్టుకో... అంతే, అంతే" అంటూ పిల్లను మంచం దించినట్టు దించింది. నేల తగిలాక రోనా అక్కడే చతికిలబడిపోయింది. మోర్వెన్ ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి, అందులో చక్కెర ఒలకబోసి ఆమె చేతిలో పెట్టింది. సగం టీ రోనా ఒళ్ళోనే పోయింది.

"నువ్వు వాడి చెల్లెలివి," అంది మోర్వెన్, పక్కన కూర్చుని.

"నీ స్నేహితురాల్ని కూడా."

"రెండూనూ. చిక్కు అక్కడే ఉంది. గుడారంలో ఒక్కసారి వాడి పేరెత్తితే, ఆ పూటనుంచీ మనం ముగ్గురం. ఏడాదికి ఒక్క వారం, రోనా. వాడు లేని చోటు నాకు అదొక్కటే. దాన్ని చేతులారా పాడు చేసుకోలేకపోయాను."

"గ్రెగర్ చెడ్డవాడు కాదు."

"కాదు. చెడ్డవాడైతే మొదటేడే చెప్పేదాన్ని, నువ్వే వచ్చి వాణ్ణి తన్నేదానివి. జ్వరమొస్తే మందు తెచ్చిపెడతాడు. ఎలా ఉందని మాత్రం అడగడు. ఒకసారి నేనూ పంతం పట్టాను. నేనుగా నోరు విప్పకుండా ఉంటే ఎన్నాళ్ళకు మాట్లాడతాడో చూద్దామని. వారం దాటింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నా గుండె ఎంత కొట్టుకుందో తెలుసా? 'నీ కారు టైరులో గాలి తగ్గింది' అన్నాడు."

రోనాకు నవ్వొచ్చింది. అణుచుకుంది.

"గాలి కూడా వాడే కొట్టించాడు," అంది మోర్వెన్. "దాని మీద ఏమని కోపగించుకోవాలి చెప్పు? ఎవరితో చెప్పుకోవాలి? ఆ రోజే వెళ్ళిపోదామనుకున్నా. కానీ పిల్లల చదువులు, ఆ తర్వాత ఇంకేదో. అలా గడిచిపోయింది."

మబ్బు పలచబడి కింద ఒక చిన్న నీటిగుంట మెరిసింది. మోర్వెన్ ఫ్లాస్కు మూత బిగించి, "ఇంక అడుగు," అంది.

"ఏమడగాలి?"

"మీ అమ్మ అడగమన్నది. మొదటిరోజునుంచీ నీ మొహాన రాసుంది. పాలు, పాలు అంటుంటే తెలీదా?"

రోనా తల వంచుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అడిగింది. "తిరిగి వస్తావా?"

"రాను."

"సరే," అంది రోనా. లేచి బూట్ల తాళ్ళు బిగించుకుంది.

*

దిగేటప్పుడు రోనా నాలుగడుగులు వెనకగా నడిచింది. ఇన్నాళ్ళ స్నేహం అనుకున్నది, ఆ మనిషికి ఒక అడ్డుతెర మాత్రమేనా, మొగుణ్ణి మరిచిపోవడానికి వేసుకున్న గుడారమా తను? ఇది రోనా మనసులో సుడి తిరుగుతూనే ఉంది. సాయంత్రం సూపు కాచి ఇద్దరికీ పోసింది. "ఉప్పు చాలిందా?" అని అడిగింది. చాలిందంది మోర్వెన్. అంతే. అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు పడుకున్నారు.

పొద్దున్నే రోనా ఒక్కతే నీళ్ళ ఒడ్డుకు పోయింది. ఆటుకు సరస్సు వెనక్కి తగ్గి నాచు బయటపడింది. ఎర్రముక్కు పిట్టలు రెండు దాని మీద గోలగోలగా తిరుగుతున్నాయి. మోర్వెన్‌ను మనసులో నిలబెట్టి నిలదీయడం మొదలుపెట్టింది రోనా. నీ కాపురం గురించి ఇన్నేళ్ళలో ఒక్క ముక్కైనా చెప్పావా? చెప్పలేదు. పక్కపక్కన పడుకుని, ఒకే గిన్నెలో తిని, దాచుకున్నావా లేదా? దాచుకున్నావు. అలా అడుగుతూ అడుగుతూ ఒకచోట ఆగిపోయింది. మరి నేను?

సాయంత్రం దుకాణం కట్టేసి వెళ్ళగానే "పదినిమిషాలు ఆలస్యమైందేం?" అనే గొంతు. భోజనం దగ్గర పేపరు తెరిచి ఎవరెవరు పోయారో పైకి చదివే గొంతు. ఇంకో గదిలో ఉన్నా, స్నానం చేస్తున్నా, తలుపు అవతలినుంచి ఆగని ఆ మాట. దాని గురించి తను మోర్వెన్‌కు ఏం చెప్పింది? ఏమీ చెప్పలేదు. ఇంటి ఊసే ఎత్తేది కాదు. ఎత్తితే ఆ గొంతు గుడారంలోకి వస్తుందని. మోర్వెన్ చెప్పిన మాటే అది, అక్షరం తేడా లేదు.

రోనా గుడారం దగ్గరకు వచ్చి జిప్పు లాగింది. మోర్వెన్ నిద్రమొహంతో లేచి కూర్చుంది, జుట్టు పిట్టగూడులా ఉంది.

"మా అమ్మతో ఉండడం నావల్ల కావడంలేదు," అంది రోనా.

మోర్వెన్ కళ్ళు నులుముకుంది. పొయ్యి ముందుకు లాక్కుని, అగ్గిపుల్ల గీసి, టీకి నీళ్ళు పెట్టింది. అప్పుడడిగింది. "ఎప్పట్నుంచి?"

"ఇరవై ఏళ్ళనుంచి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. పక్కన బండిలో ఉన్న జర్మను దంపతులు కిటికీ తెర తొలగించి చూసేంత నవ్వారు. మోర్వెన్‌కు ఎక్కిళ్ళు వచ్చాయి.

"ఇంక గుడారంలో నలుగురం," అంది ఎక్కిళ్ళ మధ్య. "పెద్దది కొనాలి."

ఆ తర్వాత రోజంతా వాళ్ళు కొండెక్కలేదు. సరస్సు ఒడ్డున నడుస్తూ మాట్లాడారు. అన్ని మాటలూ మంచివి కావు. "నువ్వు చెప్పకపోవడం నాకింకా కష్టంగానే ఉంది," అంది రోనా. "ఉండనీ," అంది మోర్వెన్, "అది నేను తీసెయ్యగలిగింది కాదు." కోపం పోలేదు కానీ ఇప్పుడు దాన్ని ఇద్దరూ కలిసి మోస్తున్నారు, బరువు సగమైంది.

*

ఇంటికి వచ్చిన ఆదివారం గ్రెగర్ భోజనానికి వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు. నెట్టా కీమా, ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించింది. కొడుకు పళ్ళెంలో మూడో గరిటె వేస్తూ అంది. "నీ చెల్లెల్ని పనిగట్టుకుని పంపాను, దాన్ని ఒప్పించి తెమ్మని. వారం రోజులు షికారు చేసి, వట్టి చేతులతో వచ్చింది మహాతల్లి."

గ్రెగర్ ఫోర్కు కింద పెట్టాడు. "ఏమని పంపావు?"

"మోర్వెన్‌ను తిరిగి రమ్మని అడగమన్నాను. తప్పా?"

"నేను అడగమన్నానా?"

"నువ్వు నోరు విప్పి అడిగే రకమైతే ఇంతదాకా ఎందుకొస్తుంది?"

గ్రెగర్ ముఖం మెడదాకా ఎర్రబడింది. "అమ్మా, అది తను తీసుకున్న నిర్ణయం. మధ్యలో రోనాని ఎందుకు పడేశావు?" అన్నాడు. అతని నోట అన్ని మాటలు ఒకేసారి రావడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయాడు. రోనా వెనకే వెళ్ళింది. అతను తన బండి ముందు మూత ఎత్తి ఇంజను చూస్తున్నాడు. దానికేమీ కాలేదని ఇద్దరికీ తెలుసు.

"నా గురించి ఏమంది?" అన్నాడు, తల ఎత్తకుండా.

"మంచివాడంది."

"ఇంకా?"

"ఎలా ఉన్నావని ఎప్పుడూ అడగలేదంది."

గ్రెగర్ చాలాసేపు ఒక గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు. "తెలుసు," అన్నాడు. "అడుగుదామనే అనుకునేవాణ్ణి. బాగాలేనంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలిసేది కాదు."

రోనాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. దానికి బదులు చెప్పేసింది, గుడారంలో ఒకసారి పైకి అనేసిన మాట కాబట్టి రెండోసారి తేలికైంది. "నేను బాగాలేను గ్రెగర్. అమ్మతో ఉండలేకపోతున్నాను. ఆవిడ మంచిదే. కానీ ఆగదు. పొద్దున కళ్ళు తెరిచినప్పట్నుంచీ ఆగదు."

అతను మూత దించాడు. ఇంటివైపు చూశాడు. లోపలినుంచి నెట్టా గొంతు వినపడుతోంది, ఎవరూ లేకపోయినా పళ్ళేలతో మాట్లాడుతోంది.

"నా ఇంట్లో రెండు గదులు ఖాళీ," అన్నాడు. "మెట్లు కూడా లేవు. ఆవిడ మాట్లాడితే నాకేం కష్టం లేదు. నేను ఎటూ మాట్లాడను గదా."

నెట్టా పదిరోజులు ఒప్పుకోలేదు. నన్ను గెంటేస్తున్నారని చర్చిలో చెప్పింది, కసాయి కొట్లో చెప్పింది. పదకొండోరోజు, ఎవరూ అడగకుండానే, "వాడు ఎండిపోతున్నాడు, ఎవరో ఒకరు చూసుకోవద్దూ? మీకెవరికీ పట్టదు," అంటూ తన పింగాణీ కప్పులు కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది. కోడల్ని తీసుకురమ్మంటే అత్తగారే వెళ్ళి కూర్చుందని ఊరంతా నవ్వుకుంది. ఆగస్టులో సంతకాలయ్యాయి. ఆ సాయంత్రం మోర్వెన్ రోనా ఇంటికి వచ్చి కాసేపు ఏడ్చింది. ఎందుకేడుస్తున్నానో తెలీదంది. రోనా టీ కలిపి పక్కన కూర్చుంది.

రోనాకు తల్లి లేని ఆ ఇంట్లో మొదటి వారాలు వింతగా గడిచాయి. దుకాణం కట్టి వచ్చి తలుపు తీస్తే నిశ్శబ్దం. దాన్ని ఏం చెయ్యాలో తెలియక రేడియో పెట్టేది, మళ్ళీ తీసేసేది. తల్లి మీద బెంగ పెట్టుకుంటానని కలలో కూడా అనుకోలేదు. సెప్టెంబరులో ఒక వానసాయంత్రం మిగిలిన రొట్టెలు రెండు సంచిలో వేసుకుని అన్న ఇంటికి బయల్దేరింది.

వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. నెట్టా బల్ల దగ్గర కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. గ్రెగర్ సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. అతని చొక్కా ఇప్పుడు కొంచెం నిండుగానే ఉంది. నెట్టా చెబుతూనే ఉంది, చెబుతూనే ఉంది. అతను కత్తి ఆపి, భుజం మీదుగా వెనక్కి తిరిగి ఒక్క మాటేదో అన్నాడు. నెట్టా ఒక్క క్షణం నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తర్వాత బల్ల చరిచి పగలబడి నవ్వింది.

అతనేమన్నాడో అద్దం అవతలున్న రోనాకు వినపడలేదు. అడగాలి అనుకుని తలుపు తట్టింది.